చేటలోని పాచికలు

ఫాల్గుణము దాటి చైత్రము ప్రవేశించునాటికి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో రెండు పనులు ఒక్కసారే వచ్చి పడును. కళ్ళములలో మిరపకాయలు ఎండుచుండును. ఇండ్లలో ఏడాదికి సరిపడు చింతపండు కొట్టి, పిక్కలు తీసి, కుండల కెత్తుచుందురు. పండు కుండలోనికి పోవును. పిక్కలు చేటలో మిగులును. ఎండ ముదిరి, పనివారందరును వసారాలో చేరినప్పుడు ఆ చేటలోని పిక్కలే ఆటవస్తువులగును. నేడు మనము చెప్పుకొనదలచినది ఈ చేటలోని చరిత్ర.

దీనిని చరిత్ర యనుటకు సందేహించువారుందురు. రాజుల ఆటలకు గుర్తులు మిగిలినవి. ఫతేపూరు సిక్రీలో అక్బరు పాదుషా ప్రాంగణమున పచ్చీసు పటము రాతిపరపులో ఈనాటికిని కనబడును. హంపి మంటపముల నేలమీద కూడ ఎవరో తీరికగా చెక్కుకొనిన ఆటగడులున్నవి. ఇంటి ఆటకు అట్టి సాక్ష్యము లేదు. సుద్దతోనో బొగ్గుతోనో గీచిన గడులు మరునాటి అలుకుతో మాసిపోవును. పావులుగా నిలిచిన గాజుముక్కలు, పెంకుముక్కలు, పత్తిగింజలు పెరటిపాలగును. కనుక ఈ ఆటను ఆడినవారి చేతులలోను, వారి మాటలలోను వెదకవలసియున్నది.

మేమెరిగిన పద్ధతి యిది. బాగుగ ముదిరిన పిక్కలు రెండు తీసికొని, అడకత్తెరతో నిలువునా చీల్చిన నాలుగు బద్దలగును. ప్రతి బద్దకును ఒకవైపు నల్లనిపెచ్చు, ఒకవైపు తెల్లనిపప్పు. చీల్చుట చేతకానివారు నాలుగు పిక్కలను తడిరాతిపై ఒకవైపు తెలుపు కనబడువరకు అరగదీయుదురు. నేలపై అయిదు వరుసలు, వరుసకు అయిదు గడులు గీచిన అష్టాచెమ్మాకు పటము సిద్ధము. ఒకటి తెల్లగా పడిన ఒకటి, రెండు పడిన రెండు, మూడు పడిన మూడు. నాలుగును తెల్లనైన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును నల్లనైన అష్ట, అనగా ఎనిమిది. చెమ్మకును, అష్టకును మరల వేయు హక్కుండును. నడిగడి చేరిన కాయ ‘పండినది’ అందురు. చేనిమాటయే ఆటలోనికి వచ్చినది.

ఇది లేనివాని పాచిక యని, అసలు పాచికకు బదులుగా కల్పించుకొన్నదని మేమును చాలకాలము తలచితిమి. ఆ తలపు సరికాదు. ఋగ్వేదము పదవ మండలమున ముప్పదినాలుగవ సూక్తము జూదరి ఆక్రోశము. అందలి అక్షములు దంతముతోనో లోహముతోనో చేసినవి కావు. విభీదక ఫలములు, అనగా మన తానికాయలు. కరక్కాయ, ఉసిరికలతో కూడి త్రిఫల చూర్ణమున పడునదే యీ కాయ. కాయలను నాలుగేసిగ లెక్కించి, మిగులు లేనిది కృతమనియు, మూడు మిగిలినది త్రేత యనియు, రెండు ద్వాపరమనియు, ఒకటి కలి యనియు పిలిచెడివారు. మనము యుగములకు చెప్పుకొను పేర్లు ఆ పందెముల పేర్లే. ఆరు ముఖముల ఘనపు పాచికయు పాతదే. మొహెంజొదారోలో దొరికిన పాచికలను 1931లో ప్రకటితమైన సర్ జాన్ మార్షలు గ్రంథము వర్ణించినది. వానిపై ఒకటి కెదురుగ రెండును, మూడుకెదురుగ నాలుగును, అయిదుకెదురుగ ఆరును ఉన్నవి. నేటి పాచికలో ఎదురుముఖముల మొత్తము ఏడు. కనుక చెట్టున పండిన పాచిక, చేతితో చేసిన పాచిక అను రెండు దారులును మిక్కిలి పాతవే. చింతపిక్క మొదటి దారిది.

గవ్వ కథ వేరు. అది మాల్దీవుల సముద్రమున పుట్టి, శతాబ్దములపాటు మన దేశమున చిల్లర నాణెముగ చెల్లినది. నాణెముగ దాని విలువ పోయిన తరువాతను మాటలో నిలిచినది. చేతిలో చిల్లిగవ్వ లేదని వాపోవు రైతు ఇంటనే, పెట్టె అడుగున గుడ్డలో మూటకట్టి, ఆటకొరకు గవ్వలు దాచియుండుటను మేము చూచితిమి.

ఆటవస్తువు మారినంత మాత్రమున ఆట మారదని అనుకొనరాదు. నాలుగు బద్దలును సమముగ పడునవే అనుకొన్నచో అవి పడు తీరులు 16. అందు రెండు వచ్చునవి 6. ఒకటియు మూడును ఒక్కొక్కటి 4. చెమ్మ 1, అష్ట 1. అనగా మరల వేయు భాగ్యము ఎనిమిదింట ఒకమారు. ఘనపు పాచికలో ఆరు ఆరింట ఒకమారు వచ్చును. గవ్వయో, ఒకవైపు ఉబ్బుగను ఒకవైపు చదునుగను ఉండుటచే రెండువైపుల సమముగ పడదు. పిక్కను అరగదీయుటలో ఎక్కువతక్కువలున్న దాని నడకయు మారును. “మీ యింటి పిక్కలతో మేమాడము” అను మాట ఒట్టి పేచీ కాదన్నమాట, దానిలో గణితమున్నది. ఇక గోడకొరిగి నిలిచిన గవ్వను ఎట్లు లెక్కించవలెనను తగవు మాత్రము ఏ గణితమునకును లొంగలేదు. ఆ తీర్పు ఇంటి పెద్దమ్మది.

ఈ సీమ పందెముల భయమెరుగనిది కాదు. 12వ శతాబ్దినాటి పలనాటి కథలో కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచిపోవలసివచ్చెను. కడకు కారెంపూడిలో యుద్ధమే జరిగినది. కారెంపూడి వీరులగుడి ఆ జ్ఞాపకమును నేటికిని నిలుపుచున్నది. వసారాలోని ఆటలో పందెము చింతపిక్కలే. వామనగుంటలలోనైతే పందెమును, పావులును, లెక్కయు అన్నియు అవియే: వరుసకు ఏడుగా రెండు వరుసల గుంటలు, చేతినిండ పిక్కలు. పీట లేనివారు మట్టినేలలోనే గుంటలు తీసెడివారు. ఓడినవారు పోగొట్టుకొనునది ఏదియు లేదు గనుకనే అత్తయు కోడలును ఎదురెదురుగ కూర్చుండగలిగిరి. మామూలుగ అత్తకెదురు చెప్పని కోడలు అక్కడ ఆమె కాయను నిర్భయముగ చంపెడిది. మా దృష్టిలో ఈ ఆటల అసలు విలువ ఇదియే.

శివరాత్రినాడు కోటప్పకొండకు ప్రభలతో పోయినవారు పోగా, ఇంట మిగిలినవారికి జాగరణ గడచుటకు అష్టాచెమ్మాయు, వైకుంఠపాళియు దిక్కు. తెల్లవారుజామున నిద్రమత్తులో అష్టను చెమ్మగ లెక్కించి కాయను వెనుకనే నిలుపుకొన్న తాతలను మేమెరుగుదుము.

పచ్చీసు సముద్రములు దాటిపోయి, 1896లో ఇంగ్లండున లూడోగ హక్కులు పొంది, ఘనపు పాచికతో తిరిగివచ్చినది. గవ్వలు పోయి పాచిక వచ్చినది; 2020లో ఇండ్లలో చిక్కుకొన్న కాలమున ఆ పాచికయు చేతిఫోనులోనికి పోయినది.

ఇప్పుడు పట్టణపు వంటింటికి చింతపండు పిక్కలు తీసిన పొట్లముగ వచ్చుచున్నది. పిక్కలు మాత్రము వ్యర్థము కాలేదు. వర్తకులు వానిని తూకముపై కొనుచున్నారు. వాని పప్పును పిండిచేసి, మగ్గమునకు పోవు నూలుకు గంజిగ పట్టింతురు. చేలలో పండిన పత్తికి ఆ విధముగ చింతపిక్క తోడైనది. చేటలో మాత్రము మిగులుటలేదు.