బల్ల మీద కొట్టుకునే గుండె

మండల వనరుల కేంద్రంలో మూడో వరసలో కూర్చున్నారు మీరు. చుట్టూ జీవశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంట్లు. హాజరు పట్టిక ఇంకా చేతులు మారుతోంది. "ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) యాప్ తెరిచి, కెమెరాను బల్ల వైపు తిప్పండి" అంటున్నారు రిసోర్స్ పర్సన్.

ఫోన్ ఎంత కదిపినా తెరలో తెల్లటి బల్లే. "దినపత్రిక పరిచి చూడండి" అంటారాయన. పరుస్తారు. అక్షరాల మీద గుప్పెడంత గుండె లేచి కొట్టుకుంటుంది! నున్నటి తెల్లని బల్ల మీద కెమెరాకు ఆనవాళ్లేవీ దొరకవు. అక్షరాలూ బొమ్మలూ ఉంటే వాటినీ, కదలికను కొలిచే సెన్సార్ల లెక్కనూ కలుపుకొని ఫోన్ బల్లను పోల్చుకుంటుంది.

దగ్గరికి వంగి చూడండి. జఠరికలు సడలగానే కర్ణికలకూ వాటికీ మధ్య ఉన్న కవాటాలు తెరుచుకుంటున్నాయి. జఠరికలు ముడుచుకోగానే అవే కవాటాలు మూసుకుంటున్నాయి. నల్లబల్ల మీద ఎన్ని బాణాలు గీసినా చూపలేని కదలిక ఇది. "క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష పోర్టల్‌లో వీడియో చూపించేవాళ్లం. ఇప్పుడు పిల్లలే చుట్టూ తిరిగి చూడొచ్చు" అంటున్నారు పక్కనున్న పెద్ద మాస్టారు.

తర్వాత ఏఐ వంతు. రక్త ప్రసరణ మీద పది ప్రశ్నలు, జవాబులతో సహా తెలుగులో ఇమ్మని అడుగుతారు. టీ గ్లాసు పట్టుకునేలోపే వచ్చేస్తాయి. భాష చక్కగా ఉంది. చదువుతూ ఏడో జవాబు దగ్గర ఆగుతారు: సిరలన్నీ ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్నే తీసుకెళ్తాయట.

"మరి పుపుస సిరలో?" అని వెనక వరసలోంచి ఒక మేడమ్ అడుగుతారు. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ నిండిన రక్తాన్ని గుండెకు తెచ్చేవి అవే కదా! రిసోర్స్ పర్సన్ తలూపుతారు. యంత్రం లెక్కలేనన్ని వాక్యాలు చదివి, తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతుంది. ఒప్పునూ తప్పునూ ఒకే ధీమాతో రాస్తుంది. విషయం తెలిసిన ఉపాధ్యాయులే ఆ తప్పును పట్టుకోగలరు.

ఇక పాఠ్య ప్రణాళిక. "మేక గుండె తెచ్చి కోసే పని ఇక తప్పినట్టేనా సార్?" అని ఓ యువ ఉపాధ్యాయిని ప్రశ్న. "తప్పదమ్మా. ఎడమ జఠరిక గోడ ఎంత మందమో వేలితో నొక్కితేనే తెలిసేది" అంటారు పెద్ద మాస్టారు. ఒళ్లంతటికీ రక్తం నెట్టేది అది. కుడి జఠరికైతే పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు.

మీరూ రాసుకుంటున్నారు: ముందు మేక గుండె, తర్వాత ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర మీద ఏఆర్, చివర దిద్దిన ప్రశ్నలు. పిల్లలందరి దగ్గరా ఫోన్లుండవు. ఉన్న ఒక్క ఫోన్ దగ్గరికి జట్లుగా పిలవాలి.

బటన్లు నేర్పడం గంట పని. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తేల్చుకునే తీరిక ఉపాధ్యాయులకు ఇవ్వడమే అసలు శిక్షణ. అందుకే వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి మీరు తేవాల్సింది ఇదీ: ఏఐ ఇచ్చిన వాటిలో మీరు కొట్టేసిన ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన ఎందుకు కొట్టేశారో కారణం.