పనినడుమ విరామము: పెనుగొండసీమ పూర్వకథ

వసిష్ఠగోదావరికి పడమటనున్న పెనుగొండ పేరు వినినంతనే వాసవీ కన్యకాపరమేశ్వరియు, నగరేశ్వరస్వామి యాలయమును, మాఘశుద్ధ విదియనాటి యాత్మార్పణస్మృతియు మనకు స్ఫురించును. కాని యీ సీమకు శాసనముల కెక్కని చరిత్ర యింకొకటి కలదు. చేలలోను, కాలువలమీదను, మిల్లులలోను పాటుపడినవారు దినమున నెప్పుడెప్పుడు పని నాపి నడుము వాల్చిరి, ఎవరు చెప్పగా నాపిరి యనునదియే యా చరిత్ర. ఈ సీమబిడ్డ లనేకులు నేడు హైదరాబాదులోను, అమెరికాలోను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవించుచున్నారు. వారు పనినడుమ నెంతసేపటి కొకమారు లేవవలెనను ప్రశ్నకు సమాధానమును తాతలనాటి పొలముగట్లనుండి వెదకుట యుక్తమని నా తలంపు.

1832-33 నాటి నందనకరువున క్షీణించిన గోదావరి మండలమునకు, ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో నారంభించి 1852లో ముగించిన యానకట్ట ప్రాణము పోసెను. సార్వాయు, కాలక్రమమున దాళ్వాయు పండసాగినకొలది పనియు పెరిగెను. దమ్ముచేయు దినములలో రైతు తెల్లవారకమున్నే కాడి కట్టెడివాడు. ఎండ నడినెత్తి కెక్కుసరికి ఎద్దులు రొప్పుచు, నోట నురుగు తేలి, మోకాటిలోతు బురదలో నడుగు తీయలేక నిలిచిపోవగా, ఎంత మడి మిగిలియున్నను కాడి దింపక తప్పెడిది కాదు. వానిని నీటికి తోలి, గడ్డివేసి, తానును గట్టుమీది చెట్టునీడను చేరి చల్దిమూట విప్పి, పిదప లంకపొగాకు చుట్ట ముట్టించెడివాడు. ఎద్దు అలసటయే మనుష్యునకు విశ్రాంతి నిప్పించెను. ఊడ్పులకు వచ్చిన స్త్రీలకు ఆ పాటి యండయైనను లేదు. ఎడమచేత నారుకట్ట పట్టి వంగినవారు, పట్టిన మడి ముగిసి గట్టెక్కువరకు నడుము నెత్తుట యరుదు. మడి కొలతయే వారి విరామమునకు కొలత.

కాలువలు పైరుకు నీరిచ్చుటయే గాక పడవలకు మార్గములును అయ్యెను. గట్టుమీద త్రాడు భుజమునకు తగిలించుకొని పడవను లాగుచు వచ్చినవారు లాకు కడ నాగవలసినదే. పడవ లోనికి చొచ్చినంతనే వెనుకతలుపులు మూయబడును, తూములు తెరువబడును, లోని నీరు మెల్లమెల్లగా బయటి నీటితో సమమగును, అంతవరకు ముందుతలుపులు కదలవు. సరకుగల షావుకారు ఎంత తొందరపడినను నీరు తొందరపడదు. ఆ కొంత సేపే లాగుడువాండ్రకు భుజము లార్చుకొను వ్యవధి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు పడవల కంతకంటె దీర్ఘమైన విరామము లభించెడిది.

ఆవిరియంత్రములు వచ్చుటతో ఈ ఏర్పాటు తలక్రిందయ్యెను. బొగ్గో ఊకయో వేసినంతకాలము మిల్లు తిరుగును. దానికి రొప్పు లేదు, నీరసము లేదు. యంత్రమలయదు గనుక మనుష్యునకు విశ్రాంతి నిప్పింప చట్టము కావలసివచ్చెను. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము, బాలురకు దినమున 9 గంటలకు మించి పని చెప్పరాదనియు, నడుమ 1 గంట విరామ మీయవలెననియు విధించెను. 1891 నాటి చట్టము స్త్రీలకు గంటన్నర విరామమును, కార్మికులకెల్ల వారమున కొక సెలవును కల్పించెను. పెనుగొండకు చేరువనున్న తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ వెలసిన మరుసటియేటనే, అనగా 1948లో, క్రొత్త ఫ్యాక్టరీల చట్టము పుట్టి, 5 గంటలకు మించి వరుసగా పనిచేయింపరాదనియు, అటుపిమ్మట అరగంటకు తక్కువ గాని విశ్రాంతి యుండవలెననియు శాసించెను. చెరకు గానుగాడు కాలమున రేయింబవళ్లు నడచు కర్మాగారమున కూత వినబడినంతనే ఒక జట్టు దిగి వేరొక జట్టు ఎక్కుటను ఈ ప్రాంతీయులు మొదటినుండియు నెరుగుదురు.

కంప్యూటరు సయితము తొలినాళ్లలో విశ్రాంతికి శత్రువు కాదు. హైదరాబాదున 1967లో ఇ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్థాపింపబడిన కాలమున దేశమందలి ప్రోగ్రామరు తన లెక్కను అట్టచీట్లపై రంధ్రములుగా పొడిపించి, కట్టగట్టి యంత్రశాలలో నిచ్చి, తన వంతు వచ్చి ఫలితము చేతి కందువరకు వేచియుండవలసివచ్చెడిది. లాకు కడ పడవవానివలె నతడును యంత్రము దయచేసిన వ్యవధిలో కాఫీ త్రాగెడివాడు, తోటివానితో తన తప్పును చర్చించెడివాడు. ఆ చర్చలోనే అది బయటపడుటయు కలదు. 1998లో హైటెక్ సిటీయందు సైబర్ టవర్స్ తెరువబడునాటికి బల్లబల్లకు నొక కంప్యూటరు అమరెను. అడిగిన క్షణమున జవాబు వచ్చుచుండెను. వేచియుండు కాలము తరిగినకొలది విరామమును తరిగెను. 2020 నాటి మహమ్మారివేళ ఇంటనుండి పనిచేయుటకు స్వగ్రామములకు వచ్చిన యువకులు, అమెరికా పగటికి సరిపోవునట్లు తమ రాత్రులను మార్చుకొని, తల్లి భోజనమునకు పిలిచినను తెర వీడి లేవలేకపోవుటను డెల్టా గ్రామములు కన్నులార చూచినవి.

ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర, విద్యార్థిగా నున్నప్పుడు, టమాటా యాకారముగల వంటింటి గడియారమును ముందుంచుకొని 25 నిమిషములు పని, 5 నిమిషములు విరామము అను పద్ధతిని రూపొందించెను. నేడు పెక్కురు ప్రోగ్రామర్లు దానిని పాటించుచున్నారు. మన పూర్వులు దినమును 60 భాగములుచేసి లెక్కించిన గడియ 24 నిమిషములు. తదేకదీక్షతో మనస్సు నిలుపదగిన కాలమును గూర్చి యిటలీ విద్యార్థి కుదిర్చిన కొలత మన గడియకు ఇంత సమీపమున నుండుట గమనింపదగినది. కన్నుల రక్షణకై 20 నిమిషముల కొకమారు 20 అడుగుల దూరమునందలి వస్తువును 20 సెకండ్లు చూడుమని వైద్యులు చెప్పునదియు దీనికి తోడ్పడును. గడియ కొకమారు కన్నెత్తి కొంచెము లేచుట, జాముకు, అనగా 3 గంటలకు, ఒకమారు పనిచోటు వదలి నడచివచ్చుట: ఇది ప్రోగ్రామరుకు నా మనసున తోచు నియమము.

ఎద్దును, నీటిని, కూతను పోగొట్టుకొన్న ఈ వృత్తిలో విరామమునకు కాపలా మరియొకటి లేదు. ఒక్కొక్కని మనోనిగ్రహమునకే దానిని వదలివేయుట న్యాయము కాదు. పై యధికారి కూర్చుండియుండగా క్రొత్తగా చేరినవాడు లేవ సాహసింపడు. కావున ఈ సీమనుండి పోయి కంపెనీలలో బృందములను నడపు స్థితికి ఎదిగినవారే ముందుగా, నలుగురు చూచుచుండగా, వేళకు లేచి బయటకు నడువవలెను. తమక్రింద పనిచేయువారు లేచినపుడు దానిని సోమరితనముగా లెక్కింపరాదు. చట్టముకంటె ముందు కట్టుబాటును నెలకొల్పు శక్తి వారిచేతిలో నున్నది.