ఐదో తీగ

2014లో అక్టోబరు 12 ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. తిరుపతిలో టీవీ ముందు కూర్చుని కొబ్బరిచెట్లు విల్లుల్లా వంగడం చూసిన మాకు, ఆ గాలి మన ఊళ్ల దాకా వస్తుందని తోచలేదు. గాలి రాలేదు గానీ దాని వెనకే వెలుగు వచ్చింది. ఇవాళ చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో కరెంటు కంబాల మీద తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ దీపాలకు ఆ తుఫానుతో దగ్గరి చుట్టరికం ఉంది.

ఆ చుట్టరికం తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. మనవైపు దీపం కథ గుడిలో మొదలవుతుంది. దీపానికని ఆవులనో గొర్రెలనో పొలాన్నో రాసిచ్చి, ఆ సంగతి రాతి మీద చెక్కించడం శతాబ్దాల పాటు సాగింది. తంజావూరు బృహదీశ్వరాలయ శాసనాల్లో లెక్క విప్పి చెప్పారు. ఒక్క అఖండ దీపానికి 96 గొర్రెలు. వాటిని తోలుకుపోయిన కాపరి రోజూ ఒక ఉళక్కు (అప్పటి కొలత) నెయ్యి కొలవాలి. తమిళ శాసనాలు ఇలాంటి గొర్రెలను చావనివి, ముసలివి కానివి అన్నాయి. ఒకటి పోతే దాని చోట్లోకి పిల్ల రావాలి, మంద మాత్రం తరగకూడదు. దీపం వెలిగించడం ఒక్క పూట పని, దాన్ని ఆరనివ్వకుండా చూడడం తరాల పని అని వాళ్లకు తెలుసు. నాకు ఆ గొర్రెలంటే ఎంతో ఇష్టం.

గుడి బయట వీధి మాత్రం చీకటిలోనే ఉండిపోయింది. రాజ్యాలు మారాయి, పాళెగాళ్లు వచ్చి పోయారు, కుంపిణీ వచ్చింది. 1886లో తిరుపతి మున్సిపాలిటీ ఏర్పడింది. మద్రాసు రాజధాని మున్సిపాలిటీల్లో అప్పటివి కిరసనాయిలు దీపాలు. సాయంత్రానికి భుజాన నిచ్చెన, చేతిలో నూనె డబ్బా పెట్టుకుని ఒక మనిషి వచ్చేవాడు. అద్దం తుడిచి, ఒత్తి కత్తిరించి, నూనె పోసి వెలిగించి మరో స్తంభానికి పోయేవాడు. వెన్నెల రాత్రుల్లో దీపాలు పెట్టకుండా నూనె మిగుల్చుకోవడం ఆ కాలపు ఊళ్లలో మామూలే. పొదుపంటే ఏమిటో ఆ నిచ్చెన మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన సరిహద్దు దాకా కరెంటు బంగారం కోసం వచ్చింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి కోలారు గనులకు విద్యుత్తు ఇచ్చారు. ఆ గనులు మన కుప్పానికి పక్కనే. అదే శివనసముద్రం కరెంటుతో 1905 ఆగస్టు 5న బెంగళూరులో వీధి దీపాలు వెలిగాయి.

ఆ తర్వాత బుడ్డి బల్బులు, ట్యూబ్‌లైట్లు, పాదరసపు దీపాలు, సోడియం దీపాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అలిపిరి దారిలో సోడియం వెలుగు నా చిన్నతనపు రంగు. ఆ పసుపులో తెల్ల పంచె పచ్చగా కనపడేది, ఎర్ర చీర గోధుమ రంగుకు తిరిగేది. ఆ దీపం నాలుగు పక్కలకీ వెలుగు చిమ్ముతుంది. రోడ్డు మీద పడాల్సినదాంట్లో చాలా భాగం ఆకాశానికీ పక్క మేడల గోడలకూ పోతుంది. బిల్లు మాత్రం మొత్తానికీ కట్టాలి.

ఇక హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి అటూఇటూగా వీచిన గాలికి విశాఖలో చెట్లూ స్తంభాలూ కలిసి కూలాయి. ఊరు రోజుల తరబడి చీకట్లో మగ్గింది. ఆ ఏడు దీపావళి అక్టోబరు 23న వచ్చింది. కూలిన చెట్ల కొమ్మలు వీధుల నిండా ఎండి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే ప్రమాదమని టపాసులు వద్దన్నారు. ఆ చీకటి నగరానికి రాష్ట్రం నలుమూలల నుంచీ విద్యుత్ సిబ్బంది వెళ్లారు. తిరుపతి కేంద్రంగా పనిచేసే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) ఎస్‌పీడీసీఎల్ నుంచి పోయినవాళ్లలో మా వీధి లైన్‌మన్ ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఆ రోజుల గురించి అడిగితే ముందు చేతులు చూపిస్తాడు.

"ఎవురో దువ్వెన పెట్టి దువ్వినట్టు కంబాలన్నీ ఒకే పక్కకు పండుకోనుండాయి సార్" అన్నాడు. "గుంత తొవ్వేది, కంబం నిలబెట్టేది, ఇంగో గుంతకు పోయేది. రాత్రా పగలా తెలీదు. ఒక వీధికి కరెంటిస్తే మిద్దెల మీద నుంచి పిల్లోళ్లు ఒకటే అరుపు. ఆ అరుపు వినేదానికే ఇంగో వీధికి పోతాంటిమి."

ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు మరో తేదీ మీదికి పోతుంది. తుఫానుకు సరిగ్గా ఐదు రోజుల ముందు, అక్టోబరు 7న, స్టాక్‌హోంలో ఆ ఏటి భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు అది దక్కింది. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అంతకుముందే ఉన్నాయి. నీలం చిక్కాక దానిమీద పసుపుపచ్చని ఫాస్ఫరు పూత పూస్తే తెల్ల వెలుగు వచ్చింది. వేడెక్కిన తీగ లేదు, వెలిగే ఆవిరి లేదు. వెలుగును ఎటు కావాలంటే అటే పంపవచ్చు.

విశాఖలో స్తంభాలు ఎటూ కొత్తగా నిలబెట్టాలి. వాటికి మళ్లీ సోడియం దీపాలే తగిలిస్తే పాత బిల్లే వస్తుంది. అందుకని ఎల్‌ఈడీలు పెట్టాలనుకున్నారు. డబ్బు ఎక్కడిదన్నదానికి ఈఈఎస్ఎల్ దారి చూపింది. అది ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ అనే నాలుగు ప్రభుత్వ రంగ సంస్థలు కలిసి 2009లో పెట్టిన కంపెనీ. దీపాలు అదే కొని తగిలిస్తుంది. నగరం ముందుగా మొత్తం ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. బిల్లు తగ్గుతుంది కదా, ఆ తగ్గినదాంట్లోంచి ఏడేళ్ల పాటు కంపెనీకి వాయిదాలు కట్టాలి. ఆ ఏడేళ్లూ దీపం బాగోగులు కంపెనీవే. మందను ముట్టకుండా నెయ్యితోనే దీపం నడిపిన పద్ధతికి ఇది మనవరాలు. కొద్ది నెలల్లోనే 90 వేలకు పైగా దీపాలు మారాయి. 2015 జనవరి 5న దేశవ్యాప్త వీధి దీపాల పథకం మొదలయ్యేనాటికి చూపించడానికి ఒక ఊరు సిద్ధమవుతోంది. దేశంలోని మిగతా నగరాల అధికారులు విశాఖను చూసి ధైర్యం తెచ్చుకున్నారు. చీకట్లో గుంతలు తవ్విన ఆ చేతులకు ఈ కథలో పెద్దవాటా ఉందని నేను నమ్ముతాను.

2017లో ఈ పని పల్లెలకు వచ్చింది. ఏడు జిల్లాల గ్రామ పంచాయతీల్లో 10 లక్షల దీపాలు మార్చాలన్న ఒప్పందమది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, రాయలసీమ నాలుగు జిల్లాలు అందులో ఉన్నాయి. అంటే మన చిత్తూరూ ఉంది. పల్లెలకు ఇంత పెద్దయెత్తున ఈ పథకం రావడం దేశంలో అదే మొదలు.

ఇక్కణ్నుంచి కథ చిక్కుపడింది. నగరంలో దీపం, స్విచ్చి, బిల్లు ఒకే కార్యాలయం చేతిలో ఉంటాయి. పల్లెలో కంబం, తీగ డిస్కమ్‌వి. బిల్లు పంచాయతీది. కొత్త దీపం కంపెనీది. ఒక్క కంబానికి ముగ్గురు యజమానులు. ట్యూబ్‌లైటు పోతే పంచాయతీ మనిషి కొట్టుకు పోయి తెచ్చి బిగించేవాడు. ఎల్‌ఈడీ పోతే కంపెనీవాళ్లు రావాలి. ప్రభుత్వం మారింది, పథకం జగనన్న పల్లె వెలుగు అయింది, సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు వచ్చారు. 2022లో జిల్లానే ముక్కలైంది. ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిలకు పోతున్నాయని సర్పంచులు రోడ్డెక్కారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఐదో తీగ. మీ వీధిలో కంబం మీదికి చూడండి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. వాటితో పాటు వీధి దీపాలకని ప్రత్యేకంగా ఇంకో తీగ ఉండాలి. అది ఉంటేనే పెట్టెలో ఒక్క మీట వేస్తే వీధంతా వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. సింగిల్ ఫేజు లైనులో అది మూడో తీగ. తీగ లేని చోట దీపాన్ని నేరుగా ఫేజుకు కలిపేస్తారు. ఇక అది పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు తీసుకునే ట్యూబ్‌లైటు రోజుకు 12 గంటలు వెలిగితే ఏడాదికి 219 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ అయితే 88. అదే ఎల్‌ఈడీ పగలు కూడా వెలిగితే 175. స్టాక్‌హోం దాకా పోయిన ఆ నీలి వెలుగు తెచ్చిన మిగులులో మూడింట రెండు వంతులు, ఒక తీగ లేనందుకు మిట్టమధ్యాహ్నపు ఎండలో కలిసిపోతున్నాయి. తెలంగాణలో పల్లె ప్రగతి కింద ఈ తీగ లాగడాన్ని పనుల జాబితాలో చేర్చారు. మన దగ్గరా ఊరూరా లెక్క తీసి ఇదే పని ముందు చేయాలి. కొత్త దీపాల కన్నా ఇది చవక.

మొన్న చంద్రగిరి దాటాక ఒక పల్లెలో ఆగాను. సందె చీకటి పడుతోంది. పంచాయతీలో పనిచేసే ఒకామె కొంగు నడుముకు దోపుకుని కంబానికున్న ఇనుప పెట్టె మూత తెరిచింది. లోపల బల్లి పిల్ల ఒకటి పక్కకు పారిపోయింది. ఎండిన కర్రముక్కతో మీట పైకి తోసింది. రచ్చబండ దగ్గరిది వెలిగింది, తర్వాత రామాలయం ముందుది, ఆ తర్వాత చెరువుకట్ట దాకా వరసగా. చివరి కంబం మీదిది వెలగలేదు. ఆమె కళ్లు చికిలించి చూసి, "పద్నాలుగో నంబరు గదా అది?" అని అక్కడి పిల్లవాణ్ని అడిగి, ఫోను తీసి నంబరు నొక్కసాగింది.