వెయిటింగ్ రూము నుంచి విమానాశ్రయ లాంజ్ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు సభ్యులకు పనికివచ్చే విషయం ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు అడిగారు. పెన్షన్ లెక్కల గురించీ, వైద్య సదుపాయాల గురించీ వ్రాయడానికి నాకంటె తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను స్టేషన్ మాస్టరుగా రిటైరయినవాణ్ణి. ప్రయాణికులలో ఎవరిని ఎక్కడ కూర్చోనిస్తారు, ఎవరిని లేపి పంపుతారు అన్న సంగతి మాత్రం నాకు కొంత తెలుసు. కనుక ఈమధ్య మన పిల్లలందరి నోటా వినబడుతున్న విమానాశ్రయ లాంజ్‌ల చరిత్ర గురించి, నా స్వానుభవం కూడా కలిపి, నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

2022 డిసెంబరులో మా అల్లుడు నన్నూ, మా ఆవిడనూ శంషాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో తీసుకువెళ్ళాడు. తనిఖీలన్నీ అయ్యాక ఒక అద్దాల తలుపు ముందు ఆగి, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి కార్డు ఇచ్చాడు. అతని కార్డు మీద వెంట ఇద్దరిని తీసుకువెళ్ళవచ్చునట. లోపల మెత్తని సోఫాలు, వేడి ఇడ్లీలు, ఉప్మా, కాఫీ, దినపత్రికలు. పెళ్ళివారి విడిదిలాగా ఉంది. మా ఆవిడ పళ్ళెం చేత పట్టుకొని, "ఎంతవుతుందో ముందే అడిగారా?" అని నా చెవిలో అంది. అడిగాను. "ఫ్రీ మామయ్యా, కార్డు మీద వస్తుంది" అన్నాడు.

రైల్వేలో 38 సంవత్సరాలు పనిచేసినవాడికి 'ఫ్రీ' అన్న మాట మీద నమ్మకం కలగదు. మాకు ఇచ్చే పాసు కూడా ఎవరో ఒకరి పద్దులో వ్రాసి తీరవలసిందే. ఈ ఇడ్లీ ఎవరి పద్దులో పడుతున్నది? ఆ ప్రశ్న పట్టుకొని వెతికితే కథ చాలా దూరం వెళ్ళింది.

విమానయాన సంస్థలు నడిపిన లాంజ్‌లలో మొదటిదిగా చెప్పుకునేది 1939లో న్యూయార్కులోని లా గార్డియా విమానాశ్రయంలో వెలిసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు, సి.ఆర్. స్మిత్ అధ్యక్షుడుగా ఉన్న రోజులలో, దానిని ప్రారంభించి అడ్మిరల్స్ క్లబ్ అని పేరుపెట్టారు. ఆ సంస్థ తన విమానాలను నౌకాదళం వాడుక ప్రకారం 'ఫ్లాగ్‌షిప్'లని పిలుచుకునేది. కాబట్టి ముఖ్యమైన ప్రయాణికులు 'అడ్మిరల్స్' అయ్యారు. ఆ రోజులలో డబ్బు కట్టి అందులో చేరే వీలు లేదు. కంపెనీవారు ఎవరిని పిలిస్తే వారే లోపలికి వెళ్ళాలి. జమీందారుగారి దివాణంలో ఆసనం దొరకడం వంటిదన్నమాట.

దీనికి ఒక కారణం ఉంది. 1978 వరకు అమెరికాలో విమాన ఛార్జీలు ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. టిక్కెట్టు ధర తగ్గించి పోటీపడే వీలు లేనప్పుడు మర్యాదలలోనే పోటీపడాలి. భోజనం, సీటు, లాంజ్ అన్నీ ఆ పోటీలో భాగాలే. అయితే పిలుపు అందనివారు ఊరుకోలేదు. ఇది వివక్ష అని వ్యాజ్యం వచ్చింది. ఆ తరువాత విమానసంస్థలు రుసుము కట్టినవారికి సభ్యత్వం ఇవ్వవలసి వచ్చింది. తలుపు తెరిపించినది మొదట ఒక వ్యాజ్యమే గాని, కార్డు కాదు.

ఇక కార్డు కథ. 1950లో న్యూయార్కులో ఫ్రాంక్ మెక్‌నమారా, ఆయన భాగస్వాములు కలసి డైనర్స్ క్లబ్ స్థాపించారు. హోటలులో భోంచేసి, సంతకం పెట్టి, నెలాఖరున బిల్లు చెల్లించడం దాని పద్ధతి. మన ఊళ్ళలో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఎలాగో అదీ అలాగే. మన దేశంలో బ్యాంకుల క్రెడిట్ కార్డులు 1980 ప్రాంతంలో మొదలయ్యాయి. ఈ విషయంలో మనవారు ముందున్నారని చెప్పుకోవడం నాకు సంతోషం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. మనలో కొందరి ఇళ్ళలో ఆ పాత కార్డు ఇప్పటికీ పెట్టె అడుగున ఉండవచ్చు.

అదే 1981లో అమెరికాలో మరొక మార్పు వచ్చింది. ఛార్జీల నియంత్రణ పోయి పోటీ పెరగడంతో, ప్రయాణికుణ్ణి తమవైపే నిలుపుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ఎన్ని మైళ్ళు తిరిగితే అన్ని మార్కులు వేసే పథకం తెచ్చారు. 1987లో సిటీబ్యాంకుతో కలసి, సరుకులు కొన్నా ఆ మైళ్ళు జమయ్యే కార్డు విడుదల చేశారు. అక్కడితో విమానానికీ కార్డుకూ వియ్యం కుదిరింది. 1992లో బ్రిటనులో ప్రయారిటీ పాస్ వచ్చింది. ఏ విమానంలో వెళ్ళినా, ఏ తరగతి టిక్కెట్టు ఉన్నా, ఒకే సభ్యత్వంతో అనేక లాంజ్‌లలోకి ప్రవేశం దానితో వీలయింది. ఖరీదైన కార్డులు అమ్మే బ్యాంకులు ఆ సభ్యత్వాన్ని టోకున కొని తమ ఖాతాదారులకు ఇవ్వసాగాయి.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి సాంగ్ హోయ్ సీ అనే మలేషియా దేశీయుడు. ఆయన బ్యాంకింగు రంగంలో పెద్ద ఉద్యోగం చేసినన్నాళ్ళు బిజినెస్ క్లాసులో తిరిగాడు. ఉద్యోగం మాని సొంత వ్యాపారం పెట్టుకున్నాక సాధారణ తరగతిలో ప్రయాణం చేయవలసి వచ్చింది. నిన్నటిదాకా నమస్కారం పెట్టి తెరిచిన తలుపు ఈ రోజు మూసుకుంది. మనిషి అతడే; మారినది టిక్కెట్టు. ఇటువంటివారు ఎందరో ఉంటారని గ్రహించి, 1998లో ప్లాజా ప్రీమియం పేరుతో, డబ్బు చెల్లించిన ఎవరికైనా ప్రవేశం ఉండే లాంజ్‌లు ఆయన ప్రారంభించాడు. పదవీ విరమణ మరునాడు ఆఫీసు గేటు దగ్గర "ఎవరు కావాలండీ?" అనిపించుకున్న మన సభ్యులకు ఆయన బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

మన దగ్గర సంగతి చూద్దాం. బేగంపేట విమానాశ్రయం రోజులలో లాంజ్ అంటే పెద్ద తరగతి టిక్కెట్టువారిది, ప్రముఖులది. 2008 మార్చి 23న రాకపోకలు శంషాబాదుకు మారాయి. 2012లో రూపే కార్డు వచ్చింది. క్రమంగా క్రెడిట్ కార్డులకే గాక కొన్ని డెబిట్ కార్డులకు కూడా లాంజ్ సదుపాయం కలిపారు. కార్డు సరైనదో కాదో చూడడానికి చాలాచోట్ల రెండు రూపాయలు తీసుకుంటారు. మా అల్లుడు ఫ్రీ అన్నది ఈ రెండు రూపాయలు చూచే. అసలు ఖర్చు, అంటే మనిషికి ఇంత చొప్పున, కార్డు ఇచ్చిన బ్యాంకు లాంజ్ వారికి చెల్లిస్తుంది. బ్యాంకుకు ఆ సొమ్ము కార్డు సాలీనా రుసుము నుంచి, దుకాణదారుల దగ్గర పట్టుకునే కమీషను నుంచి, గడువులోగా బాకీ తీర్చనివారి వడ్డీ నుంచి వస్తుంది. అంటే నేను తిన్న ఇడ్లీ ఖరీదులో కొంత, నాకు తెలియని ఎవరో అప్పులవాడు చెల్లించాడు.

తరువాత రద్దీ పెరిగింది. 2014లో మన దేశంలో దేశీయ విమాన ప్రయాణికులు సుమారు 6.7 కోట్లు, 2024లో 16 కోట్లు దాటారు. లాంజ్‌ల ముందు క్యూలు మొదలయ్యాయి. బ్యాంకులు మేలుకొని షరతులు పెట్టాయి. 2024 ఏప్రిల్ నుంచి ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు తన కార్డులు అనేకంపై, అంతకుముందు మూడు నెలలలో 35,000 రూపాయలు ఖర్చు చేసినవారికే ప్రవేశం అన్నది. బ్యాంకులకూ లాంజ్‌లకూ మధ్యవర్తిగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ సంస్థ 2025 సెప్టెంబరులో దేశీయ లాంజ్ సేవలను నిలిపివేసింది. అమెరికాలోనూ ఇదే వరస. 2023 నుంచి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వారు తమ సెంచూరియన్ లాంజ్‌లలోకి వెంట వచ్చే అతిథులకు చాలామంది కార్డుదారుల వద్ద విడిగా డబ్బు తీసుకుంటున్నారు.

ఇక నా అనుభవం. అల్లుణ్ణి చూచి నేనూ ఫిక్సెడ్ డిపాజిట్టు మీద ఒక కార్డు తీసుకున్నాను. 2025 జనవరిలో నేనూ, మా ఆవిడా ఢిల్లీకి బయలుదేరాము. అక్కడ పొగమంచు వల్ల విమానం మూడు గంటలు ఆలస్యమన్నారు. ఆవిడకు చక్కెర వ్యాధి, వేళకు తినాలి. ధైర్యంగా లాంజ్‌కు తీసుకువెళ్ళాను. ఆ అమ్మాయి కార్డు గీచి చూచి, "సార్, మీకు ఉంది. మేడమ్‌కు లేదు. కావాలంటే డబ్బు కట్టవచ్చు" అని మర్యాదగానే చెప్పింది. వెయ్యి రూపాయల పైమాట. నేను జేబులో చెయ్యి పెట్టాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకొని, "వద్దండీ. మీరు వెళ్ళి కాఫీ తాగి రండి, నేను ఇక్కడ కూర్చుంటాను" అంది.

ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను.

1974లో నేను అసిస్టెంటు స్టేషన్ మాస్టరుగా చేరాను. ఆ ఏడే రైళ్ళలో మూడవ తరగతి రద్దయింది గాని, వెయిటింగ్ రూముల తేడా పోలేదు. రాజమండ్రిలో పనిచేస్తుండగా ఒక వానాకాలపు రాత్రి, అప్పర్ క్లాసు వెయిటింగ్ రూములో ఒక వృద్ధ దంపతులు కూర్చొని ఉన్నారు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన టిక్కెట్టు మొదటి తరగతి, కొడుకు కొనిపెట్టాడట. భార్యది రెండవ తరగతి; ఇద్దరికీ కొనే స్తోమతు లేకపోయింది. నేను రూలు ప్రకారం, "మీరు ఉండవచ్చు, ఆవిడ బయటికి వెళ్ళాలి" అన్నాను. ఆవిడ వెంటనే లేచి, "మీరు కూర్చోండి, నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను" అంది. పంతులుగారు ఏమీ అనలేదు. గొడుగు తీసుకొని ఆమె వెనకాలే వెళ్ళిపోయారు. ఆ గదిలో తెల్లవారేదాకా అన్ని కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి. రిజిస్టరులో నా సంతకం మాత్రం సక్రమంగా ఉంది.

శంషాబాదులో నేను కూడా బల్ల మీద నుంచి కార్డు తీసుకొని వెనక్కు వచ్చాను. గేటు దగ్గర రెండు కుర్చీలు చూచుకొని, ఇంటినుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పాము. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఆమె కూర్చున్న కుర్చీలో నేనూ కూర్చున్నవాణ్ణే.

సభ్యులకు నా మనవి ఇంతే. లాంజ్ చెడ్డది కాదు. మోకాళ్ళ నొప్పులతో గంటల తరబడి వేచివుండే మనవంటివారికి నిజంగా మేలు చేస్తుంది. కాని బయలుదేరేముందు బ్యాంకుకు ఫోను చేసి, మూడు నెలలకు ఎన్నిసార్లు ప్రవేశం, ముందుగా ఎంత ఖర్చు చేసి ఉండాలి, వెంట ఉన్నవారికి వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోండి. దంపతులిద్దరికీ వేరువేరు ఖాతాలుంటే, ఇద్దరి డెబిట్ కార్డులకూ ఆ సదుపాయం ఉన్నదేమో చూడండి. లాంజ్ కోసం అక్కరలేని వస్తువులు కొనకండి. క్రెడిట్ కార్డు బాకీ గడువులోగా పూర్తిగా చెల్లించండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే సంవత్సరానికి 42 శాతం. పెన్షనుదారు ఆ వడ్డీ కట్టి తాగే కాఫీ చాలా ఖరీదైన కాఫీ.

అన్నిటికంటె ముఖ్యం, పొట్లం ఒకటి ఇంటినుంచి కట్టుకొని వెళ్ళండి. దానికి ఏ కార్డూ అక్కరలేదు. ఇద్దరూ కలసి తినవచ్చు.