ర్యాక్ సర్వరు

ర్యాక్ సర్వరు అనగా లోహపు చట్రంలో సొరుగు వలె అమర్చుటకు వీలుగా, పల్చని పెట్టె ఆకారంలో తయారుచేసిన సర్వరు కంప్యూటరు. ఈ చట్రాన్ని ర్యాకు అంటారు. బల్లపై పెట్టుకునే కంప్యూటరుకు వలె దీనికి సొంత తెర, కీబోర్డు, మౌసు ఉండవు. ఒకే ర్యాకులో అనేక సర్వర్లను ఒకదానిపై ఒకటి అమర్చి, వాటికి విద్యుత్తు, నెట్‌వర్కు, చల్లని గాలి ఉమ్మడిగా అందిస్తారు. వెబ్‌సైట్లు, బ్యాంకు లావాదేవీలు, టికెట్ల విక్రయం, పరీక్షా ఫలితాల ప్రకటన వంటి సేవలకు ఇటువంటి సర్వర్లను విరివిగా వాడుతారు. ఒకసారి అమర్చిన తరువాత సర్వరు వద్దకు మనిషి వెళ్ళవలసిన అవసరం అరుదు. మిగిలిన పని దాదాపు అంతా నెట్‌వర్కు ద్వారా దూరం నుండే జరుగుతుంది. అందువలన దూర నిర్వహణకు చేసే ఏర్పాటు, దానికి కల్పించే భద్రత ఈ సర్వర్ల విషయంలో చాలా ముఖ్యమైనవి.

చరిత్ర

19 అంగుళాల ర్యాకు కంప్యూటర్ల కంటే పాతది. 20వ శతాబ్దపు తొలి భాగంలో అమెరికా టెలిఫోను ఎక్స్ఛేంజీలలో రిలేలను అమర్చడానికి ఇటువంటి చట్రాలు వాడేవారు. తరువాత రేడియో ప్రసార పరికరాలు, ప్రయోగశాల పరికరాలు, చివరకు కంప్యూటర్లు అదే కొలతను స్వీకరించాయి. ఈ కొలతలను ఈఐఏ-310, ఐఈసీ 60297 అను ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

1990వ దశకం రెండవ భాగంలో ఇంటర్నెట్ వ్యాప్తి చెందడంతో తక్కువ స్థలంలో ఎక్కువ కంప్యూటర్లను ఉంచవలసిన అవసరం ఏర్పడింది. 1998లో కోబాల్ట్ నెట్‌వర్క్స్ సంస్థ విడుదల చేసిన రాక్ అను సర్వరు ఒక యూనిట్ ఎత్తు మాత్రమే ఉండేది. ఈ సంస్థను 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసింది. 2011లో ఫేస్‌బుక్ చొరవతో మొదలైన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టు, పరికరాల కొరకు 21 అంగుళాల వెడల్పు గల వేరొక ర్యాకును రూపొందించింది. అయినప్పటికీ 19 అంగుళాల ర్యాకే నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది.

కొలతలు

19 అంగుళాలు (482.6 మి.మీ.) అనునది సర్వరు ముందుభాగంలో ఇరువైపులా ఉండే చెవులతో కలిపిన వెడల్పు. ఎత్తును "యు" అను యూనిట్లలో లెక్కిస్తారు. 1యు అనగా 1.75 అంగుళాలు, అంటే 44.45 మి.మీ. సర్వర్లు ఎక్కువగా 1యు, 2యు, 4యు ఎత్తులలో లభిస్తాయి. తరచుగా కనిపించే 42యు ర్యాకులో పరికరాలకు దక్కే ఎత్తు సుమారు 1.87 మీటర్లు.

ర్యాకు నిలువు పట్టీలలో ఒక్కొక్క యూనిట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి. ఈ రంధ్రాల మధ్య దూరం సమానంగా ఉండదు. వరుసగా 15.875 మి.మీ., 15.875 మి.మీ., 12.7 మి.మీ. చొప్పున ఈ దూరాలు పునరావృతమవుతాయి. తక్కువ దూరంలో ఉన్న రెండు రంధ్రాల నడిమి భాగమే ఒక యూనిట్‌కు, మరొక యూనిట్‌కు మధ్య సరిహద్దు. ఇది గమనించక ఒక రంధ్రం పైకో కిందికో బిగిస్తే సర్వరు పక్క యూనిట్‌లోకి చొచ్చుకువస్తుంది, అక్కడ వేరొక పరికరం పట్టదు.

అంతర్భాగాలు

ర్యాక్ సర్వరులో సాధారణంగా ఒకటి లేదా రెండు ప్రాసెసర్లు ఉంటాయి. మెమొరీ దోషాలను సరిదిద్దుకునే రకానికి చెందినది. ఒక బిట్ తప్పుగా మారితే దానిని సరిచేస్తుంది, రెండు బిట్లు మారితే తప్పు జరిగినట్లు గుర్తిస్తుంది. డిస్కులను, విద్యుత్ సరఫరా యూనిట్లను, అనేక నమూనాలలో ఫ్యాన్లను కూడా సర్వరు నడుస్తుండగానే మార్చవచ్చును. 1యు సర్వరులో పెద్ద ఫ్యాన్లు పట్టవు. చిన్న ఫ్యాన్లు అతివేగంగా తిరగడం వలన చెవులు మూసుకునేంత శబ్దం వస్తుంది. ఈ కారణంగా వీటిని మనుషులు పనిచేసే గదులలో ఉంచరు.

మదర్‌బోర్డుపై బేస్‌బోర్డు మేనేజిమెంట్ కంట్రోలరు (బీఎంసీ) అను చిన్న కంప్యూటరు విడిగా ఉంటుంది. దూర నిర్వహణకు ఇదే ఆధారం.

స్థాపన

స్థల సన్నాహం

సర్వరు ముందు నుండి చల్లని గాలిని పీల్చుకొని వెనుక నుండి వేడి గాలిని వదులుతుంది. అందువలన ర్యాకుల వరుసలను ముఖాముఖిగా నిలిపి, ముందువైపు చల్లని దారి, వెనుకవైపు వేడి దారి ఏర్పడేటట్లు చూస్తారు. లోపలికి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత 18 నుండి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని అమెరికాకు చెందిన ఆష్రే సంస్థ సిఫారసు చేస్తుంది. ఖాళీ యూనిట్లను మూత పలకలతో కప్పాలి. లేనిచో వెనుక ఉన్న వేడి గాలి ఆ ఖాళీల గుండా తిరిగి ముందుకు వస్తుంది.

విద్యుత్ సరఫరా

రెండు విద్యుత్ సరఫరా యూనిట్లు ఉన్న సర్వరుకు రెండు వేర్వేరు లైన్ల నుండి విద్యుత్తు ఇవ్వాలి. రెండు తీగలనూ ఒకే లైనుకు కలిపితే రెండవ యూనిట్ ఉన్నా లేనట్లే. ఏ ఒక్క లైను పోయినా మిగిలినది మొత్తం భారాన్ని మోయగలగాలి. ఉదాహరణకు 230 వోల్టుల వద్ద 16 ఆంపియర్ల లైను 3,680 వాట్లు ఇవ్వగలదు. రెండు లైన్లపైనా 60 శాతం చొప్పున భారం ఉందనుకుంటే మామూలు రోజులలో ఏ ఇబ్బందీ కనబడదు. ఒక లైను పోయిన క్షణంలో రెండవదానిపై 120 శాతం భారం పడి, కొద్దిసేపటికి దాని బ్రేకరు కూడా పడిపోతుంది. అప్పుడు ర్యాకు మొత్తం ఆగిపోతుంది. అందువలన ఒక్కొక్క లైనుపై భారాన్ని సగానికి తక్కువగానే ఉంచుతారు. యూపీఎస్, జనరేటరు, సరైన ఎర్తింగు కూడా అవసరం.

అమర్చే క్రమం

# ర్యాకు కదలకుండా, ముందుకు ఒరగకుండా ఆధారాలు బిగించాలి.
# బరువైన పరికరాలను అడుగున, తేలికైనవాటిని పైన ఉంచేటట్లు ప్రణాళిక వేసుకోవాలి.
# నిలువు పట్టీల రంధ్రాలను బట్టి ఇరువైపులా పట్టాలను ఒకే ఎత్తులో బిగించాలి.
# సర్వరును ఇద్దరు మనుషులు ఎత్తి పట్టాలపై జరపాలి. డిస్కులతో నిండిన 2యు సర్వరు 30 కిలోల వరకు బరువు ఉండవచ్చును.
# ఒకేసారి రెండు సర్వర్లను బయటకు లాగకూడదు. ర్యాకు ముందుకు పడిపోయే ప్రమాదం ఉంది.
# విద్యుత్ తీగలను, నెట్‌వర్కు కేబుళ్ళను వేర్వేరు వైపుల నుండి తీసుకువచ్చి, ప్రతి కేబులుకు రెండు కొసలా గుర్తు చీటీ అంటించాలి.
# సర్వరు క్రమసంఖ్యను, అది ఉన్న యూనిట్ సంఖ్యను రికార్డులో నమోదు చేయాలి.

చివరి రెండు పనులు చిన్నవిగా కనిపించినా, వేరే ఊరిలో ఉన్న నిర్వాహకుడు ఫోనులో చెప్పగా అక్కడి సిబ్బంది డిస్కు మార్చేటప్పుడు వీటి విలువ తెలుస్తుంది. గుర్తు లేనిచో మంచి డిస్కును, లేదా పక్క సర్వరు తీగను పీకే అవకాశం ఉంది.

అమరిక

మొదట బీఎంసీకి ఐపీ చిరునామా ఇచ్చి, కర్మాగారపు సంకేతపదాన్ని మార్చాలి. తరువాత ఫర్మ్‌వేరును తాజా పరచాలి. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినపుడు సర్వరు తనంతట తానే మొదలవ్వాలా లేక ఆగి ఉండాలా అన్నది యూఈఎఫ్ఐ లేదా బీఎంసీ అమరికలలో నిర్ణయించాలి.

డిస్కులను రెయిడ్ పద్ధతిలో కూర్చుతారు. ఈ పద్ధతిని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో వెలువడిన పత్రంలో వివరించారు. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉన్నపుడు వివిధ రెయిడ్ రకాలలో దక్కే నిల్వ ఇలా ఉంటుంది:

* రెయిడ్ 0: 16 టెరాబైట్లు. ఒక్క డిస్కు చెడినా సమాచారం పోతుంది.
* రెయిడ్ 5: 12 టెరాబైట్లు. ఒక డిస్కు చెడినా పనిచేస్తుంది.
* రెయిడ్ 6: 8 టెరాబైట్లు. ఏ రెండు డిస్కులు చెడినా పనిచేస్తుంది.
* రెయిడ్ 10: 8 టెరాబైట్లు. ఒక్కొక్క జంటలో ఒక డిస్కు చెడినా పనిచేస్తుంది.

రెయిడ్ డిస్కు వైఫల్యాన్ని మాత్రమే తట్టుకుంటుంది. పొరపాటున చెరిపిన ఫైలును గానీ, అగ్నిప్రమాదంలో కాలిన సర్వరును గానీ తిరిగి తేలేదు. కనుక వేరొక చోట నకలు ఉంచడం తప్పనిసరి.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూఎస్‌బీ ద్వారా, బీఎంసీ చూపే కాల్పనిక డిస్కు ద్వారా లేదా నెట్‌వర్కు నుండి స్థాపించవచ్చును. నెట్‌వర్కు నుండి మొదలయ్యే పీఎక్స్ఈ పద్ధతిని ఇంటెల్ రూపొందించింది. వందల సర్వర్లను ఒకే విధంగా సిద్ధం చేయుటకు ఇది అనువైనది. స్థాపన తరువాత గడియారాన్ని ఎన్‌టీపీ ద్వారా సరిచేయడం, ఫైర్‌వాల్ పెట్టడం, రెండు నెట్‌వర్కు పోర్టులను జతచేసి వేర్వేరు స్విచ్‌లకు కలపడం చేస్తారు.

దూర నిర్వహణ

దూర నిర్వహణ రెండు విధాలు.

లోపలి మార్గం: నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా పనిచేయడం. లినక్స్ సర్వర్లకు ఎస్‌ఎస్‌హెచ్ ఇందుకు ప్రధాన సాధనం. ఫిన్లాండుకు చెందిన టాటు ఇలోనెన్ 1995లో దీనిని రూపొందించాడు. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్నెట్ సంకేతపదాలను గుప్తీకరించకుండా పంపేది. ఎస్‌ఎస్‌హెచ్‌లో సంకేతపదానికి బదులు తాళంచెవుల జత వాడడం మేలు. ఆపరేటింగ్ సిస్టమ్ స్తంభించినా, ఫైర్‌వాల్ నియమం తప్పుగా రాసినా ఈ మార్గం మూసుకుపోతుంది. అందుకే అనుభవజ్ఞులు దూరం నుండి నెట్‌వర్కు అమరిక మార్చేముందు, కొన్ని నిమిషాలలో తాము రద్దు చేయకపోతే పాత అమరిక తిరిగి వచ్చేటట్లు ఏర్పాటు చేసుకుంటారు.

విడి మార్గం: బీఎంసీ ద్వారా పనిచేయడం. తీగలో విద్యుత్తు ఉన్నంతవరకు, సర్వరు ఆపి ఉన్నా బీఎంసీ పనిచేస్తూనే ఉంటుంది. దీని ద్వారా సర్వరును ఆపడం, మొదలుపెట్టడం, ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం చూడడం, తప్పుల చిట్టా చదవడం, దూరం నుండి తెరను చూస్తూ కీబోర్డు వాడడం సాధ్యమవుతాయి. డెల్ ఐడ్రాక్, హెచ్‌పీఈ ఐఎల్‌ఓ, లెనోవో ఎక్స్‌క్లారిటీ కంట్రోలరు ఇటువంటివే.

వేర్వేరు తయారీల సర్వర్లను ఒకే విధంగా నిర్వహించుటకు ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ సంస్థలు 1998లో ఐపీఎంఐ ప్రమాణాన్ని వెలువరించాయి. దీని 2.0 రూపం 2004లో వచ్చింది. ఇది యూడీపీ 623వ పోర్టును వాడుతుంది. 2015లో డీఎమ్‌టీఎఫ్ సంస్థ రెడ్‌ఫిష్ అను కొత్త ప్రమాణాన్ని విడుదల చేసింది. ఇది వెబ్‌సైట్ల వలె హెచ్‌టీటీపీఎస్ ద్వారా పనిచేస్తుంది.

భద్రత

బీఎంసీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున ఉంటుంది. దానిని వశపరచుకున్నవాడు డిస్కులను చెరిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి స్థాపించగలడు. డిస్కులన్నీ మార్చినా అతడు దాగి ఉండవచ్చును.

ఐపీఎంఐ 2.0లో ఒక మౌలిక లోపం ఉంది. వాడుకరి పేరు సరైనదైతే చాలు, సంకేతపదం నుండి లెక్కించిన హ్యాష్‌ను, అడిగినవారికి గుర్తింపు పూర్తి కాకముందే సర్వరు పంపుతుంది. దానిని తీసుకుని తీరికగా సంకేతపదాన్ని ఊహించవచ్చు. పరిశోధకుడు డాన్ ఫార్మర్ 2013లో దీనిని వెలుగులోకి తెచ్చాడు. లోపం ప్రమాణంలోనే ఉన్నందున ఫర్మ్‌వేరు మార్పుతో ఇది తొలగదు. ఏఎంఐ సంస్థకు చెందిన మెగారాక్ అను బీఎంసీ సాఫ్ట్‌వేరులో గుర్తింపు లేకుండానే ప్రవేశించగల మరొక లోపం 2025లో బయటపడింది. అదే సంవత్సరం జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ దీనిని దాడులలో వాడబడుతున్న లోపాల జాబితాలో చేర్చింది.

పాటించవలసిన జాగ్రత్తలు:

* బీఎంసీని ఎన్నడూ నేరుగా ఇంటర్నెట్‌కు కలపరాదు. విడి నెట్‌వర్కులో ఉంచి వీపీఎన్ ద్వారా మాత్రమే చేరాలి.
* అవసరం లేనిచో ఐపీఎంఐ నెట్‌వర్కు సేవను ఆపివేయాలి.
* కొన్ని సర్వర్లలో బీఎంసీ సొంత పోర్టుకు కేబులు లేకపోతే అది తనంతట తాను సాధారణ నెట్‌వర్కు పోర్టుకు మారుతుంది. నిర్వాహకునికి తెలియకుండా బీఎంసీ బయటి నెట్‌వర్కులో కనిపించడానికి ఇది ఒక కారణం. ఈ అమరికను మార్చాలి.
* పాత సర్వరును అమ్మేముందు బీఎంసీలోని వాడుకరులను, సంకేతపదాలను చెరిపివేయాలి.

ముఖ్య సంఘటనలు

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు భవనం ఒకటి అగ్నికి ఆహుతైంది. నకళ్ళు కూడా అక్కడే ఉన్న కొందరు ఖాతాదారుల సమాచారం తిరిగి దొరకలేదు.

2021 అక్టోబరు 4న నిర్వహణ పనులలో ఇచ్చిన ఒక ఆదేశం వలన ఫేస్‌బుక్ డేటా సెంటర్ల మధ్య సంబంధాలు తెగిపోయాయి. సాధారణ మార్గంతో పాటు విడి మార్గం కూడా పనిచేయలేదు. ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్ళవలసి వచ్చింది. సేవలు సుమారు ఆరు గంటలు నిలిచిపోయాయి. విడి మార్గం నిజంగా విడిగా ఉండాలని ఈ సంఘటన తెలియజేసింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో రాసి ఇచ్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా మొదలవ్వనందున లోపలి మార్గం పనికిరాలేదు. అనేక కంప్యూటర్లను ఒక్కొక్కటిగా చేతితో సరిచేయవలసి వచ్చింది. ఇటువంటి వేళ బీఎంసీ ఉన్న సర్వరును దూరం నుండే సరిచేయవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో

డేటా సెంటర్లను నిర్వహించే కంట్రోల్‌ఎస్ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా క్లౌడ్ ప్రాంతాన్ని ప్రారంభించింది. విశాఖపట్నంలో ఐదేళ్ళలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

* డేటా సెంటరు
* కంప్యూటరు నెట్‌వర్కు
* లినక్స్
* క్లౌడ్ కంప్యూటింగ్