విండోస్ తాజాకరణ నిలిచిపోవడం

విండోస్ తాజాకరణ నిలిచిపోవడం అనగా, మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసే అప్‌డేట్లను కంప్యూటరు వెదుకుతున్నప్పుడు గాని, దింపుకుంటున్నప్పుడు గాని, స్థాపించుకుంటున్నప్పుడు గాని పని ముందుకు సాగక ఒకే దశలో ఉండిపోవడం. కొత్తగా రీసెట్ చేసిన లాప్‌టాప్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. చాలా సందర్భాలలో ఇది యంత్రపు లోపం కాదు. గడియారం, డిస్కులో ఖాళీ, అంతర్జాల సంధానం వంటి సామాన్య కారణాలతోనే తాజాకరణ ఆగుతుంది. ఆ కారణాన్ని తొలగించకుండా మరల రీసెట్ చేసినందువలన ప్రయోజనం ఉండదు.

చరిత్ర

విండోస్ అప్‌డేట్ సేవ 1998లో విండోస్ 98తో మొదలైంది. 2000లో విడుదలైన విండోస్ మిలీనియం ఎడిషన్‌లో అప్‌డేట్లు వాటంతట అవే వచ్చే ఏర్పాటు జరిగింది. కంప్యూటరును రీసెట్ చేసే సౌకర్యాన్ని 2012లో విండోస్ 8తో వ్యవస్థలోనే చేర్చారు. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి, ఒక నెల అప్‌డేట్‌లో అంతకు ముందు నెలలవి కూడా కలిసి ఉంటున్నాయి. అందువలన ఒక్కొక్కటి వందల మెగాబైట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ప్రాముఖ్యత

తయారీదారు ఇచ్చిన రికవరీ విభాగం నుండి పునరుద్ధరించిన లాప్‌టాప్ దాదాపుగా తయారైన నాటి స్థితికి చేరుతుంది. ఆ తరువాత సరిదిద్దిన భద్రతా లోపాలన్నీ అందులో మరల తెరుచుకుంటాయి. ఇది ఎంత ప్రమాదకరమో 2017లో తెలిసింది. వాన్నాక్రై అనే దుష్ట సాఫ్ట్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ విడుదల చేసింది. రెండు నెలల తరువాత, మే 12న దాడి మొదలైనప్పుడు ఆ సవరణ చేరని కంప్యూటర్లు ప్రపంచమంతటా చిక్కుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి.

తెలుగు వాడుకరులకు మరొక ఇబ్బంది కూడా ఉంది. విండోస్ 10 నుండి గౌతమి, వాణి అనే తెలుగు ఖతులు ఐచ్ఛిక భాగంలోకి మారాయి. వాటిని విండోస్ అప్‌డేట్ ద్వారానే తెచ్చుకోవాలి. అది నిలిచిపోతే, ఆ ఖతులతో సిద్ధం చేసిన పాత పత్రాలు వేరే రూపంలో కనిపిస్తాయి.

కారణాలు

* తేదీ, సమయం తప్పుగా ఉండడం. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం వెనుకకు పోతుంది. అప్పుడు భద్రతా ధ్రువపత్రాలు చెల్లవు. సర్వరుతో సంధానం కుదరదు.
* డిస్కులో చోటు చాలకపోవడం.
* సంధానం మీటర్ కనెక్షన్‌గా గుర్తింపబడడం. మొబైల్ హాట్‌స్పాట్ వాడేటప్పుడు ఇది గమనించాలి. ఈ స్థితిలో చాలా అప్‌డేట్లు దిగవు.
* సగం దిగిన ఫైళ్లు చెడిపోవడం.

పరిష్కార క్రమం

# చార్జర్ తగిలించి వేచి ఉండాలి. పాత హార్డ్ డిస్కు గల యంత్రాలలో ఒకే శాతం వద్ద గంటకు పైగా ఆగడం వింత కాదు. డిస్కు దీపం వెలుగుతున్నంతవరకు కరెంటు తీయరాదు.
# తేదీ, సమయం, కాలమండలం సరిచూడాలి.
# అనవసరమైన ఫైళ్లు తొలగించాలి. పెన్ డ్రైవుల వంటివి తీసివేసి యంత్రాన్ని పునఃప్రారంభించాలి.
# సెట్టింగులలోని ట్రబుల్‌షూటర్‌ను నడపాలి.
# అప్పటికీ కదలకపోతే సర్వీసుల జాబితాలో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ అనే రెండింటిని ఆపి, విండోస్ ఫోల్డరులోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరు పేరు మార్చి, వాటిని తిరిగి ప్రారంభించాలి. కొత్త ఫోల్డరు దానంతట అదే ఏర్పడుతుంది. వాడుకరి సొంత పత్రాలకు హాని ఉండదు.
# వ్యవస్థ ఫైళ్లే చెడిపోయాయని అనుమానం ఉంటే, అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందుగా డిస్మ్, తరువాత సిస్టమ్ ఫైల్ చెకర్ నడపాలి.
# చివరి మార్గంగా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుండి అప్‌డేట్‌ను వేరే కంప్యూటరులో దింపి, పెన్ డ్రైవుతో తెచ్చి స్థాపించవచ్చు. అపరిచిత సైట్లు ఇచ్చే "సరిచేసే" ప్రోగ్రాములను వాడరాదు.

పాత విండోస్

కొత్తగా స్థాపించిన విండోస్ 7లో అప్‌డేట్ల అన్వేషణ గంటల తరబడి సాగేది. సర్వీస్ ప్యాక్ 1 ఉన్న యంత్రంలో 2015 ఏప్రిల్ నాటి 3020369 సంఖ్య గల అప్‌డేట్‌ను, ఆ తరువాత 2016 మేలో విడుదలైన 3125574 సంచికను స్థాపిస్తే సమస్య కొంతవరకు తగ్గేది. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదైన యంత్రాలకు మాత్రమే ఆ తరువాత భద్రతా అప్‌డేట్లు అందుతాయి.

కోనసీమలో

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం వరకు ఉన్న కోనసీమలో తాజాకరణ ప్రశ్న అంతర్జాల లభ్యతతో ముడిపడి ఉంది. రాజోలు ప్రాంతంలో సఖినేటిపల్లి మండలానికి చెందిన మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ఫైబర్ గ్రిడ్ సేవను ప్రారంభించాడు. ఇంటింటికీ తీగ ద్వారా వచ్చే ఇటువంటి సంధానంపై పెద్ద అప్‌డేట్లు దింపడం సులభం.

2022 మే 24న జిల్లా పేరు మార్పు వివాదంపై అమలాపురంలో హింస చెలరేగిన తరువాత కోనసీమలో మొబైల్ అంతర్జాల సేవలను పలు రోజులు నిలిపివేశారు. మొబైల్ డేటాపైనే ఆధారపడిన కంప్యూటరుకు అటువంటి రోజులలో ఏ పరిష్కార క్రమమూ పనిచేయదు. అందువలన అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ఉన్నవారు సంధానం బాగున్నప్పుడే తాజాకరణ పూర్తి చేసుకోవడం, స్థాపన ఫైళ్లను పెన్ డ్రైవులో భద్రపరచుకోవడం మేలు. రీసెట్‌ను ఆ ఏర్పాటు జరిగిన తరువాతనే చేయాలి.

ఇవి కూడా చూడండి

* మైక్రోసాఫ్ట్ విండోస్
* ఆపరేటింగ్ సిస్టమ్
* కోనసీమ
* మోరి