బళ్లారి మజిలీ

గుంతకల్లు ఆర్‌ఎమ్మెస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు సార్టింగు చేసి రిటైరైనవాణ్ణి. 1932 అక్టోబరు 15 అనగానే అందరూ ఆ రోజు కరాచీ నుంచి టపా విమానం నడిపిన జె.ఆర్.డి. టాటాను తలుచుకుంటారు. నాకు మాత్రం పక్కనున్న బళ్లారి గుర్తొస్తుంది.

ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వాళ్లు 1929 నుంచి లండన్ టపాను విమానంలో కరాచీకి చేర్చేవాళ్లు. అక్కడ దిగిన మద్రాసు ఉత్తరానికి ఆపైన రైలే గతి. ఆ దారిలోనూ విమానం నడుపుదామన్న ఆలోచన నెవిల్ వింట్సెంట్‌ది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు. టాటాలు డబ్బు పెడతామన్నా సర్కారు సబ్సిడీకి ససేమిరా అంది. చివరికి సబ్సిడీ మాట వదులుకున్నాకే, 1932 ఏప్రిల్‌లో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి.

కరాచీ నుంచి మద్రాసుకు గీత గీస్తే దాదాపు 1,900 కిలోమీటర్లు. అహ్మదాబాదు, బొంబాయి, బళ్లారి చుట్టి వెళ్తే 2,100 దాకా తేలుతుంది. వాళ్ల ఒంటి ఇంజను విమానం పుస్ మాత్ గంటకు 160 కిలోమీటర్లు పోతుందనుకుంటే పదమూడు గంటల పని. కానీ రేడియో లేదు, దారిలో దీపాలు లేవు. పొద్దు వాలిందంటే ఎక్కడో ఒకచోట దిగాల్సిందే.

అక్టోబరు 15 పొద్దున్నే టాటా పాతిక కిలోల టపాతో కరాచీలో లేచాడు. అహ్మదాబాదులో పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చింది. నాలుగు గ్యాలన్ల డబ్బాలు, ఒక్కోటీ ఎత్తి చేత్తోనే పోయడం! మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగాడు. జుహూ అంటే అప్పట్లో సముద్రం ఒడ్డున మైదానం, వానాకాలం బురదగుంట. అందుకే ఆ నెలల్లో పూనాకు మారేవాళ్లు.

జుహూలో సంచులు వింట్సెంట్ అందుకున్నాడు. ఆ రాత్రి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు. లండన్ ముద్ర పడ్డ కవర్లు మా సీమ గడ్డ మీద రాత్రి గడిపాయన్నమాట. సీలు చెదరని సంచిని ఉదయం లెక్క చూసుకుని అప్పగించడంలో ఉండే నిమ్మళం సార్టరుకే తెలుస్తుంది.

మొదటి ఏడాదిలోనే దాదాపు పది టన్నుల టపా మోశారు, అరవై వేల రూపాయలు లాభమూ చూశారు. తర్వాత బళ్లారి మజిలీ హైదరాబాదుకు మారిపోయింది. ఇవాళ కరాచీ నుంచి చెన్నైకి నేరుగా విమానమే లేదు, దుబాయో మరొకటో చుట్టి రావాలి.

వింట్సెంట్ 1942లో, ఇంగ్లండు నుంచి వస్తున్న హడ్సన్ విమానంలో, ఫ్రాన్సు తీరం దగ్గర యుద్ధంలో పోయాడు. టాటా ఆ తొలి ప్రయాణాన్ని 1962లో ఒకసారి, 78వ ఏట 1982లో మరోసారి లెపర్డ్ మాత్ విమానంలో తిరిగి చేశాడు. పెద్దాయన ఓపికకు దండం పెట్టాల్సిందే. కానీ రెండుసార్లూ బొంబాయిలోనే ఆగిపోయాడు.